ఇల్లు మాది, చర్చి కప్పు ఎవరిది? – ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నప్పటి నా అనుభవం

2023 మార్చిలో ఒక సాయంత్రం సొలిసిటర్ (ఇల్లు కొనేటప్పుడు కాగితాల పని చూసే లాయరు) ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. మేం కొనబోతున్న ఇంటి తాలూకు సెర్చ్ రిపోర్టులు జతచేశారు. కౌన్సిల్ సెర్చ్, నీళ్ళు-డ్రైనేజీ, వరద ముప్పు, పాత గనులు – ఇవన్నీ వస్తాయని ముందే తెలుసు. చివర్లో ఉన్న ఒకటిన్నర పేజీ కాగితం దగ్గర ఆగిపోయాను. దాని సారాంశం ఇదీ: ఈ ఇల్లు ఉన్న పారిష్‌లో, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధిలో, చర్చి ఛాన్సెల్ (బలిపీఠం ఉండే భాగం) మరమ్మతు ఖర్చు కొందరు భూయజమానుల మీద పడే అవకాశం ఉంది. మీ ఇల్లు అందులో ఉందో లేదో ఈ రిపోర్టు చెప్పదు. ఇన్సూరెన్స్ గురించి ఆలోచించుకోండి.

మూడుసార్లు చదివాను. ఇంటి నుంచి ఆ చర్చి కనిపించనైనా కనిపించదు. మధ్యలో ఒక ప్రైమరీ స్కూలు, రెండు వీధులు, ఒక పబ్బు. పైగా మేం హిందువులం.

వెంటనే నాన్నకి ఫోన్ చేశాను. మాది తెనాలి. నాన్న ముప్ఫై ఏళ్ళు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాశారు. మా ఇంట్లో అన్నాల దగ్గర కూడా లింకు డాక్యుమెంట్లు, హద్దులు, ఈసీల (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ల) మాటలే నడిచేవి. ఇల్లు చూసుకున్నామని చెప్పిన రోజే ఆయన మొదటి ప్రశ్న "ఈసీ ఎన్నేళ్ళకి తీశారమ్మా?" ఇక్కడ ఈసీలు ఉండవు నాన్నా, ల్యాండ్ రిజిస్ట్రీలో ఒక్కో ఇంటికి ఒక టైటిల్ రిజిస్టర్ ఉంటుంది, అందులో లేని బాధ్యత లేనట్టే అని గొప్పగా చెప్పాను.

"లేనట్టే అని నీకెవరు చెప్పారు?" అన్నారు ఆయన. అప్పుడు నవ్వేశాను. ఈ రిపోర్టు చదివి వినిపించిన రోజు మాత్రం నవ్వు రాలేదు.

"దేవుడి మాన్యమా? వద్దమ్మా, వదిలెయ్యండి. దేవాదాయం వాళ్ళతో పెట్టుకుంటే రెండు తరాలు తిరగాలి" అన్నారు. ఆంధ్రలో అయితే అలాంటి సర్వే నంబర్లు 22ఎ నిషేధిత జాబితాలో ఉంటాయి, రిజిస్ట్రేషనే జరగదు. ఇక్కడ అది కాదు నాన్నా, భూమి నాదే, అమ్ముకోవచ్చు, కట్టుకోవచ్చు, చర్చి కప్పు కారితే బిల్లు మాత్రం నాకు రావచ్చు అంటే ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఆ వారం రాత్రుళ్ళు కూర్చుని దీని పుట్టుక చదివాను. చర్చిలో జనం కూర్చునే పెద్ద హాలుని నేవ్ అంటారు. తూర్పు వైపు, బలిపీఠం ఉండే భాగం ఛాన్సెల్. మన గుడి లెక్కలో చెప్పాలంటే ముఖమండపం, గర్భగుడి. మధ్యయుగాల్లో నేవ్ బాగోగులు ఊరి జనానివి, ఛాన్సెల్ బాగోగులు రెక్టర్‌వి, అంటే ఊరి చర్చి పెద్ద పాదిరీవి. ఎందుకంటే ఊళ్ళో పండిన పంటలో దశమభాగం తీసుకునేది రెక్టరే. చాలా ఊళ్ళలో ఆ రెక్టర్ హక్కు మఠాల చేతిలో ఉండేది. 1530ల్లో ఎనిమిదో హెన్రీ మఠాలను మూసేసి వాటి ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు, వాటిలో చాలావరకు అమ్మేశాడు. కొన్న భూస్వాములకు భూమితోపాటు దశమభాగం హక్కు, దాని తోకలా ఛాన్సెల్ బాధ్యత కూడా వెళ్ళాయి. తర్వాత 18, 19 శతాబ్దాల్లో ఉమ్మడి పొలాలను కంచెలు వేసి పంచేటప్పుడు, చాలా చోట్ల దశమభాగానికి బదులుగా రెక్టర్‌కి కొంత భూమి విడగొట్టి ఇచ్చారు. ఆ భూమి ఎవరి చేతికి పోతే బాధ్యత వాళ్ళ వెంట పోయింది. పొలం ముక్కలై ప్లాట్లయినా, ప్లాట్ల మీద ఇళ్ళు లేచినా అంతే. అలా ముక్కలైనచోట పారిష్ వాళ్ళు అందరినీ అడగక్కర్లేదు, ఒక్కరినే పట్టుకుని మొత్తం అడగొచ్చని 1935లోనే ఒక తీర్పు ఉంది. కట్టినవాడు మిగతావాళ్ళని వెతుక్కోవాలి.

ఇదంతా చెప్పాక నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు: "అయితే ఇది మాన్యం కాదు, సర్వీసు ఇనాం. ఇనాం తిన్నవాడు గుడికి సేవ చెయ్యాలి. ఇక్కడ తిన్నవాడు ఎప్పుడో పోయాడు, సేవ నీ నెత్తిన పడింది."

అంతకంటే బాగా ఇంగ్లిషు వెబ్‌సైట్లు ఏవీ చెప్పలేదు.

మా భయానికి ఇంకో కారణం ఉంది. మేం కొంటున్న ఊరు వారిక్‌షైర్‌లో. దేశంలో ఈ విషయం గురించి ఎవరు మాట్లాడినా తలిచే ఊరు ఆస్టన్ కాంట్లో మాకు అరగంట దూరం. అక్కడి గ్లీబ్ ఫాం అనే పొలం యజమానులు వాల్‌బ్యాంక్ దంపతులు. అది వాళ్ళకు వారసత్వంగా వచ్చిన పొలం. అందులో ఒక చెక్క 1743 నాటి పంపకంలో దశమభాగానికి బదులు ఇచ్చిన భూమి. 1990లలో చర్చి కౌన్సిల్ వాళ్ళకు ఛాన్సెల్ మరమ్మతు నోటీసు ఇచ్చింది, అప్పటి అంచనా 95,000 పౌండ్ల పైచిలుకు. వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2001లో అప్పీలు కోర్టులో గెలిచారు. 2003 జూన్‌లో, అప్పట్లో అన్నిటికంటే పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయారు. 2007లో కోర్టు లెక్కగట్టిన మరమ్మతు ఖర్చే 1,86,000 పౌండ్లు దాటింది. పన్ను వేరు, లాయర్ల ఖర్చులు వేరు. చివరికి ఆ ఫాం అమ్ముకోవాల్సి వచ్చింది.

ఈ కథ చదివిన రాత్రి మా ఆయన "ఇల్లు వద్దు, అద్దె ఇంట్లోనే ఉందాం" అన్నాడు. అయితే ఆ కథలో ఒక వివరాన్ని చాలామంది దాటేస్తారు. ఆ పొలం దస్తావేజులోనే ఛాన్సెల్ బాధ్యత ప్రస్తావన ఉంది. వాళ్ళ తగాదా ఆ మాట కాగితం మీద ఉందా లేదా అని కాదు. ఇంత పాత బాధ్యత ఈ కాలంలో, మానవ హక్కుల చట్టం వచ్చాక కూడా చెల్లుతుందా అని. మా సమస్య దానికి తలకిందులు. మా కాగితాల్లో ఒక్క ముక్క లేదు. లేనిది లేనట్టేనా?

2013 అక్టోబరు 13కి ముందైతే, కాదు. అప్పటిదాకా ఈ బాధ్యత రిజిస్టర్‌లో రాసి లేకపోయినా కొన్నవాడి మెడకు చుట్టుకునేది. 2003 తీర్పుతో గోల మొదలయ్యాక ప్రభుత్వం చర్చిలకు పదేళ్ళ గడువిచ్చింది: ఏ ఆస్తుల మీద మీకు హక్కుందో తేల్చుకుని ల్యాండ్ రిజిస్ట్రీలో నోటీసు పెట్టించుకోండి అని. ఆ గడువు తీరాక, నోటీసు లేని ఇంటిని డబ్బిచ్చి కొన్నవాడు ఈ బాధ్యత లేకుండా కొన్నట్టే.

ఇక్కడ "గడువు అయిపోయింది కాబట్టి ఇక ఎవరికీ భయం లేదు" అనుకుంటే తప్పు. 2013 తర్వాత ఒక్కసారైనా డబ్బుకి చేతులు మారిన ఇంటికే ఆ రక్షణ. మాకు అమ్ముతున్న పెద్దాయన, ఆవిడ 1996లో కొన్నారు. అప్పటి నుంచి వాళ్ళదే. అంటే వాళ్ళ పేరు మీద ఉన్నంతకాలం చర్చి ఏ రోజైనా వెళ్ళి నోటీసు పెట్టొచ్చు. రెడింగ్‌లో ఉన్న మా పిన్ని కొడుకు 2009లో కొన్నాడు. "మాకేం లేదక్కా, గడువు ఎప్పుడో పోయింది" అన్నాడు. నీకు పోలేదురా, నువ్వు అమ్మేదాకా అలాగే ఉంటుంది అని చెప్పి వాడి వారాంతం పాడుచేశాను. వారసత్వంగా, బహుమతిగా వచ్చిన ఇంటికి కూడా ఈ రక్షణ రాదు, ఎందుకంటే అక్కడ డబ్బు చేతులు మారలేదు. స్కాట్లండ్‌లో కొనేవాళ్ళకు మాత్రం ఈ గొడవే లేదు, ఇది ఇంగ్లండ్, వేల్స్ చట్టం.

రిజిస్టర్ కాపీ మళ్ళీ తెరిచి మూడో భాగం చూశాను. బాధ్యతలన్నీ ఉండేది అక్కడే. పాత బ్యాంకు లోను, పక్కింటివాళ్ళ డ్రెయిను మన స్థలంలోంచి పోయే హక్కు, కోళ్ళు పెంచకూడదనే 1970ల నాటి షరతు. చర్చి ఊసు లేదు.

అయితే మేం డబ్బు కట్టేలోపు చర్చి వెళ్ళి నోటీసు పెడితే? ఈ ప్రశ్న సొలిసిటర్‌ని అడిగాను. ఆవిడ చెప్పింది విన్నాక సగం టెన్షన్ పోయింది. కొనేముందు వాళ్ళు ల్యాండ్ రిజిస్ట్రీలో ఆఖరి సెర్చ్ ఒకటి వేస్తారు. దానికి 30 పనిదినాల ప్రాధాన్యం ఉంటుంది. ఆ రోజుల్లోగా మన పేరు రిజిస్ట్రేషన్‌కి పెట్టేస్తే, మధ్యలో ఎవరు ఏం నమోదు చేయించినా మన తర్వాతే.

"మరి అలాంటప్పుడు ఇన్సూరెన్స్ ఎందుకు?" అన్నాను.

ఆవిడ రెండు కారణాలు చెప్పింది. మొదటిది, ఈ బాధ్యత నిజంగా రిజిస్టర్‌కి లోబడే రకం హక్కేనా, 2013 ఏర్పాటు అనుకున్నట్టు పనిచేస్తుందా అని న్యాయవాదుల్లోనే కొందరికి అనుమానం ఉంది. చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2017లో తన పనుల పట్టికలో ఈ విషయాన్ని చేర్చుకుంది కూడా. రెండోది, లోను ఇచ్చే బ్యాంకు. సెర్చ్‌లో "ఉండొచ్చు" అని వచ్చిందంటే దానికేదో ఒక సమాధానం ఫైల్లో ఉండాలి. రెండో కారణం చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఉన్న విసుగు నాకు నచ్చింది. అసలు ఆ సెర్చ్ వెయ్యకపోతే ఈ ప్రశ్నే రాదు కదా అంటే, వెయ్యకపోతే రేపు మీరే నన్ను అడుగుతారు అంది. అదీ నిజమే.

పాలసీ ఖరీదు 35 పౌండ్లు. ఒకేసారి కట్టాలి, ఏటా రెన్యువల్ లేదు. కవర్ 10 లక్షల పౌండ్లు, మేం అమ్మేస్తే తర్వాత కొన్నవాళ్ళకీ వర్తిస్తుంది. సెర్చ్‌కి ఇరవై చిల్లర అప్పటికే అయింది. ఇంత పెద్ద కవర్‌కి ఇంత తక్కువ ప్రీమియమా? మా ఆయన దాన్ని మంచి బేరం అన్నాడు. నాకు మాత్రం, క్లెయిము రాదని కంపెనీకి ఎంత ధీమా ఉంటే ఆ ధర పెడుతుంది అనిపించింది.

డబ్బు దండగ అనిపించినప్పుడు మన బుర్ర వేరే దారులు వెతుకుతుంది. మనం ఇంత కష్టపడటం ఎందుకు, నేరుగా చర్చినే అడిగితే పోలా? లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో 1936 నాటి దశమభాగం చట్టం తర్వాత తయారైన రికార్డులున్నాయి, ఏ పారిష్‌లో ఏ భూమికి బాధ్యత ఉందో కొంతవరకు అందులో దొరుకుతుంది. కానీ అక్కడిదాకా వెళ్ళి పాత చేతిరాతలు చదివే ఓపిక ఎవరికుంది. చర్చివాళ్ళకి ఒక మెయిల్ పెడితే సరి. పెట్టడానికి రాసుకున్నాను కూడా, అడ్రసుతో సహా. పంపేముందు ఎందుకో సొలిసిటర్‌కి ఒక మాట చెప్పాను.

పది నిమిషాల్లో ఫోన్. "పంపేశారా?"

లేదన్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకోవడం ఇక్కడికి వినిపించింది. పాలసీలో మొదటి షరతే అది: కొనేవాళ్ళు గానీ, వాళ్ళ తరఫువాళ్ళు గానీ ఈ విషయమై చర్చిని సంప్రదించి ఉండకూడదు. సంప్రదిస్తే పాలసీ ఇవ్వరు, ఇచ్చినా చెల్లకపోవచ్చు. నిద్రపోతున్నవాణ్ణి లేపి "నాకు నువ్వేమైనా బాకీనా, నేనేమైనా నీకు బాకీనా" అని అడిగినట్టు అవుతుందట. ఇందులో చర్చివాళ్ళ తప్పూ లేదు. పారిష్ చర్చి కౌన్సిల్ ఒక ధర్మాదాయ సంస్థ, అందులో సభ్యులు ట్రస్టీలు. రావలసిన డబ్బు ఉందని తెలిసీ ఊరుకుంటే, రేపు ఎందుకు వసూలు చెయ్యలేదని వాళ్ళని నిలదీయొచ్చు. 2013 గడువు దగ్గరపడ్డప్పుడు ఇష్టం లేకపోయినా ఇరుగుపొరుగుల ఇళ్ళ మీద నోటీసులు పెట్టిన ఊళ్ళు ఉన్నాయి. ఆదివారం పక్క బెంచీలో కూర్చునేవాడి ఇంటి మీద నోటీసు పెట్టడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

మెయిల్ డిలీట్ చేసి, ఈ షరతు సంగతి రాత్రి భోజనం దగ్గర చెప్పాను. మా ఆయన ముద్ద మధ్యలో ఆపేశాడు.

"శనివారం నేను ఊరు చూడ్డానికి వెళ్ళాను కదా..."

వెళ్ళినవాడు చర్చిలో కాఫీ, కేకులు పెడుతున్నారని లోపలికి వెళ్ళాడు. అక్కడ కేకులు కోస్తున్న పెద్దావిడతో మాటలు కలిపాడు. "ఈ కప్పు గట్టిదేనా అండీ, ఎప్పుడు వేయించారు?" అని అడిగాడట! ఆవిడ సంతోషించి చర్చి అంతా తిప్పి చూపించిందట. ఏ ఇల్లు కొంటున్నారు అని కూడా అడిగిందా అంటే, గుర్తులేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మనిషి ఏ ఊరు వెళ్ళినా గుడి కప్పు చూసి మేస్త్రీలాగా ప్రశ్నలేస్తాడు, తిరుపతిలో కూడా అంతే.

దాచిపెట్టడం ఒక దారి. కానీ పాలసీకి ముందు సంతకం పెట్టే కాగితంలో "ఎవరినీ సంప్రదించలేదు" అనే వాక్యం ఉంది. అబద్ధం రాసి కొన్న ఇన్సూరెన్స్ క్లెయిము రోజున చిత్తుకాగితం. మర్నాడు జరిగింది జరిగినట్టు సొలిసిటర్‌కి రాశాం: ఏ రోజు, ఎవరితో, ఏం మాట. ఆవిడ కంపెనీని అడిగింది. ఇంటి అడ్రసు చెప్పారా? మరమ్మతు బాధ్యత గురించి మాట్లాడారా? లేదు, లేదు. నాలుగు రోజుల తర్వాత ఫర్వాలేదని జవాబొచ్చింది. ఆ నాలుగు రోజులూ మా ఆయనకి కాఫీ నేను పెట్టలేదు.

ఇంతకీ 35 పౌండ్లు కట్టామా అంటే, కట్టాం. చర్చి భయంతో కాదు. 2022 సెప్టెంబరు తర్వాత ఇక్కడ వడ్డీ రేట్లు ఎలా ఎగిరాయో ఇళ్ళు కొన్న ప్రతివాళ్ళకీ తెలుసు. మాకు దొరికిన రేటు గడువు దగ్గరపడుతోంది. బ్యాంకుతో ఈ కాగితం అవసరమా కాదా అని వాదిస్తే మూడు వారాలు పోతాయి, రేటు మారితే నెలకి 35 పౌండ్ల కంటే చాలా ఎక్కువ పోతుంది. నా లెక్క అంతే. నా చేతిలో పూర్తి డబ్బుండి, లోను లేకుండా, శుభ్రమైన రిజిస్టర్ ఉన్న ఇల్లు కొంటుంటే నేనైతే పాలసీ తీసుకునేదాన్ని కాదు. అదే ఇంకా ల్యాండ్ రిజిస్ట్రీలోకి ఎక్కని పాత ఇల్లైతే, పొలంతో కలిసిన ఇల్లైతే, ఎవరైనా రాసిచ్చిన ఇల్లైతే కళ్ళు మూసుకుని తీసుకుంటాను. రిజిస్టర్‌లో నోటీసు ఇప్పటికే ఉంటే ఇలాంటి చవక పాలసీలు ఎలాగూ దొరకవు. అప్పుడు ఇన్సూరెన్స్ మాట తర్వాత, ఇంటి ధర గురించే కూర్చుని మాట్లాడాలి.

జూన్ మొదటివారంలో తాళాలు చేతికొచ్చాయి. పాలు పొంగించాం, పొగ అలారం మోగింది. రిజిస్ట్రేషన్ పూర్తయ్యి మా పేర్లతో కొత్త టైటిల్ రిజిస్టర్ వచ్చాక నాన్నకి వాట్సాప్‌లో పంపాను. ఆయన పక్కింటి కుర్రాడితో ప్రింటు తీయించి, ఎర్ర పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని చదివారు. "చర్చి లేదు, సరే. కోళ్ళు పెంచకూడదని ఉంది, చూశావా?" అన్నారు.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఆస్టన్ కాంట్లో వెళ్ళాం. సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి, చుట్టూ సమాధులు, అంతా ప్రశాంతంగా ఉంది. షేక్‌స్పియర్ అమ్మానాన్నల పెళ్ళి అక్కడే జరిగిందని ఊళ్ళో చెప్పుకుంటారు. లోపలికి వెళ్ళి ఛాన్సెల్ దాకా నడిచాను. ఇన్నాళ్ళు కాగితాల మీద చదివిన ఆ గది ఇంతేనా అనిపించింది, మన పల్లెటూరి శివాలయం అంతరాలయం కంటే కాస్త పెద్దది. మా ఆయన తలెత్తి కప్పు చూస్తున్నాడు. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

ఆ నెలాఖరులో మా ఊరి చర్చి కరపత్రం మా తలుపు సందులోంచి లోపల పడింది. కప్పు మీద సీసపు రేకులు దొంగలు ఎత్తుకుపోయారు, విరాళాలు ఇవ్వండి అని. ఒక కవరు కూడా జతచేశారు. కేకులావిడ గుర్తొచ్చి 20 పౌండ్లు పెట్టబోతే మా ఆయన ఆపాడు: "ఆగు, ఇలా ఇస్తే బాధ్యత మనదేనని ఒప్పుకున్నట్టు అవుతుందేమో." సొలిసిటర్‌ని అడుగుదామన్నాడు కూడా. ఆవిడ ఒక్క మెయిల్‌కి తీసుకునే ఫీజు అంతకంటే ఎక్కువని గుర్తుచేసి, కవరు అంటించేశాను.

ఆ రాత్రి ఫోన్లో చెబితే నాన్న అడిగింది ఒక్కటే. "రసీదు ఇచ్చారా?"